కందిలికి వచ్చిన మార్కులు

పట్నం నుంచి మొదటి తీర్పు వచ్చిన పొద్దు
అచ్చంపేటల కరెంటు లేదు.
కింద జిరాక్సు దుకాణంల బాలకిష్టమ్మ అక్క
ఆధార్ కాయితాలు పట్టుకొచ్చినోళ్లను కూసోబెట్టి
అట్టముక్కతోని ఇసురుకుంటున్నది.
నేను మెట్ల మీద నిలవడి
పన్నెండు శాతం మిగిలిన ఫోన్ల
మూడేండ్ల నా పనికి పడ్డ మార్కులు సదివిన.

పదికి ఆరున్నర.
"పాతకాలపు ఆటలకు రాసిన ప్రేమలేఖ" అన్నడాయన.
"నడక నెమ్మది. రంగులు పదహారే.
కొట్లాటల ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకోవడం
ఈ కాలపు చేతికి ఓపిక పరీక్ష."

ఎన్నొచ్చినయి పిల్లా, అన్నది అక్క కిందికెళ్లి.
ఆరున్నర.
పాసేనా?
పాసే.

ప్రేమలేఖ నేనెవరికి రాయలె సారూ.
నా కంప్యూటర్ కొల్లాపూర్ కాలేజీ వేలంల కొన్నది,
పదిహేడో రంగు ఏస్తే ఫ్యాను ఒర్రుతది.
మీరు ముచ్చటపడి తొడుక్కునే పాత అంగీ
మా ఇంట్ల ఉన్న ఒక్కటే అంగీ.

వంతుల సంగతి మాత్రం చెప్త.

బస్టాండు ఎనుక ఉస్మాన్ భాయి గేముల దుకాణం.
రూపాయికి పది నిమిషాలు.
గోడకు గడియారం, బల్ల మీద చాక్‌పీసు గీతలు,
మా అన్న పర్వతాలు లోపట, నేను గడప బయట.
ఆడపిల్లలు రావద్దని ఎవ్వరనలె,
రమ్మని గూడ అనలె.
అన్న భుజం మీదికెళ్లి కనవడే తెర
అరచెయ్యంత.
అండ్ల చూసిన కత్తులను, కోటలను, దయ్యాలను
ఇంటికొచ్చి లెక్కల నోటుబుక్కు గళ్లల్ల నింపేదాన్ని,
గడికొక చుక్క.
నా వంతెప్పుడంటే
ఇగొ, ఈ ఒక్కటి, అనేటోడు.
ఆ ఒక్కటి అయ్యే లోపట దుకాణం పోయి
చికెన్ సెంటర్ వచ్చింది.

గందుకే కందిలిల
మేకలు కాసే పిల్లకు వంతున్నది, మేకకున్నది,
నల్లమల దాటొచ్చే మబ్బుకు గూడ ఒకటున్నది.
దెబ్బ తాకితే సల్ల తాగుతరు, గుడాలు తింటరు.
మైలురాయి కాడ జరసేపు కూసుంటే
ఆట మిమ్ముల యాదివెట్టుకుంటది.

తర్వాత ఆడినోళ్లు రాసుడు మొదలువెట్టిండ్రు.
ఒకాయన ఒక్క చుక్క ఇచ్చిండు, ఫోను కాలుతున్నదని.
నిజమే, నాది గూడ కాలుతది.
ఒకామె మూడో కోట కాడ నెల దినాలు ఇరుక్కపోయి
నన్ను తిట్టిన తిట్లల్ల రెండు నాకు కొత్తవి,
రాసి పెట్టుకున్న, నాలుగో కోట రక్కసికి పనికొస్తయని.
ఇంకొకరు భాష దిద్ది పంపిండ్రు:
'ఒర్రుతది' కాదట, 'అరుస్తుంది' అట.
ఫ్యానును అడిగి చెప్తనని రాసిన.

వనపర్తి పోరగాండ్లు పట్టిన తప్పు వేరే.
మేక గోడల్లకెళ్లి దూరి పోతున్నది.
దిద్దుదామని కూసున్న రాత్రి
నలబై ఇద్దరు రాసిండ్రు, వద్దక్కా,
దాన్ని పోనియ్యి.

చండూరు దిక్కు నుంచి ఒకటొచ్చింది నిన్న మొన్న.
బోరు బండి మీద పనట, పేరు మాసయ్య.
"రాత్రంత రాడ్లు దింపుతం.
నడుమ పది నిమిషాలు దొరుకుతయి, గప్పుడు ఆడుత.
మేస్త్రి ఆగడు, రైతు ఆగడు,
దుమ్మే లేస్తుంటే ఎవ్వరాగరు.
గీ ఆటల దయ్యం ఆగుతది.
కత్తి ఎత్తి, నేను సోంచాయించేదాక
గట్లనే నిలవడుతది.
మొన్న ఏం నొక్కలె. ఊకె చూసిన.
నిలవడ్డది.
చాయ్ తాగొచ్చిన. ఇంక నిలవడే ఉన్నది.
గెలుసుడు నాకు రాదు గని
మంచిగున్నది."

మార్కులు వెయ్యలె ఆయన.
యాడ వెయ్యాల్నో దొరకలేదు కావచ్చు.

జవాబు రాయాలె.
రాసి తుడుస్తున్న, రాసి తుడుస్తున్న.
మూడు దినాలాయె, నా వంతే నడుస్తున్నది.
మాసయ్య తొందరవెడుతలేడు.